ఇసుక నుంచి మూత దాకా: బొమ్మిడాయిలకు పెద్ద అక్వేరియం ఎలా పెట్టాలి

షాపులో మీకు కనిపించేది జానెడు పిల్ల. ముదురు గోధుమరంగు ఒంటి మీద ఎర్రటి గీతలు, తొండంలా ముందుకు సాగిన మూతి, ఆ మూతి కొసన వాసన పడుతున్నట్టు అటూ ఇటూ ఊగే రెండు చిన్న గొట్టాలు. చూడగానే ఇంటికి తీసుకెళ్లాలనిపిస్తుంది. ఇవాళ మాత్రం కొనకండి. దానికి ఇల్లు సిద్ధం చేయడానికి మీకు దాదాపు నెలన్నర పడుతుంది. చేపను కొనేసి ఆ తర్వాత తొట్టి గురించి ఆలోచించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ నెలన్నరా నేను పడ్డ టెన్షన్ మీరు పడకూడదనే ఇదంతా రాస్తున్నాను.

బొమ్మిడాయిలను ఇంగ్లీషులో స్పైనీ ఈల్ అంటారు గానీ ఇవి అసలు మలుగుపాములు కావు. మాస్టాసెంబెలిడే అనే వేరే కుటుంబం. ఆసియాలోనూ ఆఫ్రికాలోనూ నదుల్లో, చెరువుల్లో, బురద కాలువల్లో ఉంటాయి. వీపు మీద రెక్కకు ముందు విడివిడిగా చిన్న ముళ్ల వరస ఉంటుంది. మామూలుగా పడుకొని ఉండే ఆ ముళ్లు చేపను పట్టుకోగానే లేస్తాయి. మన తెలుగులో బొమ్మిడాయి అనేది ఈ కుటుంబం చేపనే. పగలంతా ఇసుకలో కూరుకుపోయి, చీకటి పడ్డాక తిండికి బయల్దేరే జీవి ఇది. అందుకే దీని తొట్టిని పైనుంచి కాకుండా అడుగు నుంచి ఆలోచించాలి. నన్నడిగితే అడుగున ఇసుక, పైన మూత సరిగ్గా కుదిరితే సగం పని అయిపోయినట్టే.

ముందు ఏ జాతో తేల్చుకోండి

షాపుల్లో ఎక్కువగా దొరికేవి మూడు నాలుగు రకాలు. తోక దగ్గర కళ్లలాంటి నల్ల చుక్కలున్నది పీకాక్ ఈల్, శాస్త్రీయ నామం మాక్రోగ్నాథస్ సయామెన్సిస్. ఇది 30 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. ఒంటి మీద అడ్డపట్టీలుండే హాఫ్ బ్యాండెడ్ ఇంకా చిన్నది, 20 దాకా పెరుగుతుంది. టైరు గుర్తుల్లాంటి మచ్చలున్నది టైర్ ట్రాక్. ఈ పేరుతో రెండు జాతులు అమ్ముతారు. వాటిలో మాస్టాసెంబెలస్ ఆర్మేటస్ 90 సెంటీమీటర్ల దాకా పోతుంది, ఫేవస్ 70 దాకా. ఎర్ర గీతలున్నది ఫైర్ ఈల్, మాస్టాసెంబెలస్ ఎరిత్రోటీనియా. నదుల్లో మీటరు వరకు పెరుగుతుంది. తొట్టిలో అంత రాకపోయినా రెండడుగులు ఖాయం అనుకోండి.

మొదటిసారి పెంచేవాళ్లకు నా సలహా పీకాక్ ఈల్. అందంలో ఫైర్ ఈల్‌కు సాటి లేదు, నిజమే. కాకపోతే ఆరడుగుల తొట్టికి ఇంట్లో చోటుందా అన్న ప్రశ్నకు ముందు జవాబు చెప్పుకోవాలి. ‘ఇప్పటికి చిన్న తొట్టిలో పెడదాం, పెరిగాక మారుద్దాం’ అన్న మాట ఎంతోమంది నోట విన్నాను. ఆ పెద్ద తొట్టి కొన్నవాళ్లు మాత్రం తక్కువే.

తొట్టి, స్టాండు, బరువు

ఈ చేపలకు ఎత్తుతో పెద్దగా పని లేదు, నేల వైశాల్యం ముఖ్యం. పీకాక్‌లకు 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు సరిపోతుంది. అంటే సుమారు 240 లీటర్లు. ఫైర్ ఈల్‌కో టైర్ ట్రాక్‌కో అయితే 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పుకు తగ్గొద్దు. 2 అడుగుల ఎత్తు పెడితే అది 650 లీటర్ల తొట్టి అవుతుంది. దానికి 12 మి.మీ. అద్దం వాడి, పైన అడ్డపట్టీలు వేయించండి.

ఇక్కడ ఆగి బరువు లెక్క వేయండి. ఇసుక పోగా, పైన కాస్త ఖాళీ వదిలినా, నీళ్లే 550 కిలోల దాకా ఉంటాయి. ఇసుక వందకు పైన, అద్దం ఇంకో వందకు పైన. స్టాండుతో కలిపితే దాదాపు 850 కిలోలు. ఇంత బరువు గది మధ్యలో కాకుండా గోడ వారగా, వీలైతే దూలం మీదకు వచ్చేలా పెట్టాలి. పై అంతస్తులో ఉంటే ఇంజనీరును అడగకుండా పెట్టకండి. స్టాండు మీద స్పిరిట్ లెవెల్ పెట్టి పొడవునా, అడ్డంగా, మూలగా కూడా చూడండి. ఫ్రేము లేని తొట్టి అయితే కింద థర్మాకోల్ షీటు పరవండి. ఖాళీ తొట్టిని నిండా నింపి రెండు రోజులు వదిలేసి, కింద పొడి కాగితం పెట్టి కారుతోందేమో చూసుకున్నాకే మిగతా పని మొదలుపెట్టాలి. నింపాక తొట్టిని ఒక్క అంగుళం కూడా జరపలేరు.

ఇసుక

నా మొదటి తొట్టిలో రంగురంగుల గులకరాళ్లు వేశాను. చేప వాటిలోకి దూరాలని రోజూ ప్రయత్నించేది. పది రోజులకు మూతి మీద తెల్లగా గీరుకుపోయింది, తర్వాత అక్కడే ఎర్రటి పుండు లేచింది. బొమ్మిడాయి పొలుసులు చాలా చిన్నవి, దాని అసలు కవచం ఒంటి మీది జిగురే. మొనలున్న రాయి ఆ జిగురును తుడిచేస్తుంది, అక్కడ బ్యాక్టీరియా చేరుతుంది. కాబట్టి రాళ్లు వద్దు, ఇసుకే.

మరి ఏ ఇసుక? గుండ్రటి రేణువులుండి, చేత్తో నలిపితే గుచ్చుకోనిది. ఈతకొలనుల ఫిల్టర్లలో వాడే సిలికా ఇసుక, పిల్లలు ఆడుకునే ఇసుక, సన్నటి నది ఇసుక, ఏదైనా పరవాలేదు. పిడికెడు తీసుకొని అరచేతుల మధ్య గట్టిగా రుద్దండి. మీ చర్మానికి మంట పుడితే ఆ ఇసుక దాని పొట్టకూ మంటే. రాళ్లు పిండి కొట్టి చేసిన ఇసుక ఈ పరీక్షలో సాధారణంగా తప్పుతుంది. రెండో పరీక్షకు ఒక చెంచా ఇసుక మీద వెనిగర్ పొయ్యండి. బుడగలు వస్తే అందులో గవ్వల పొడో సున్నపురాయో ఉన్నట్టు, అది నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్‌ను పెంచుతూ పోతుంది. సముద్రపు ఇసుక ఈ కారణంగానే పనికిరాదు.

కడగడం మాత్రం విసుగు పని. బకెట్లో మూడో వంతు ఇసుక వేసి, పైపు అడుగు దాకా దించి నీళ్లు వదులుతూ చేత్తో తిప్పుతుండండి. మొదట టీ రంగు నీళ్లు పొర్లుతాయి, తర్వాత కుడితి రంగు, ఆ తర్వాత పలచటి పాల రంగు. చేతిలో ఇసుక పట్టుకొని బకెట్లో ముంచితే వేళ్లు స్పష్టంగా కనిపించాలి. అప్పుడు ఆపండి. పెద్ద తొట్టికి ఇది పూటంతా పడుతుంది. నడుం పట్టేస్తుంది, ఇద్దరుంటే మేలు.

ఎంత మందం? 5 నుంచి 8 సెంటీమీటర్లు. అంతకు తక్కువైతే పెద్ద చేప ఒళ్లు దాగదు. మరీ మందమైతే అడుగున గాలి ఆడక నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు తయారవుతుంది. ఆరడుగుల తొట్టికి 7 సెంటీమీటర్ల మందానికి దాదాపు 115 కిలోల ఇసుక కావాలి. చేపలు ఎప్పుడూ తవ్వుతూనే ఉంటాయి కాబట్టి ఎక్కువ భాగం దానంతటదే కదులుతుంది. మూలలు మాత్రం వారానికోసారి మీరు వేళ్లతో కదపండి.

దాక్కునే చోట్లు

బండరాళ్లు, గుహ కట్టాలనుకుంటే ఇసుక వేయకముందే వాటిని తొట్టి అడుగు మీద నేరుగా నిలబెట్టండి, కింద సన్నటి ప్లాస్టిక్ షీటో స్పాంజో వేసి. ఇసుక మీద పెట్టిన రాయి కిందికి చేప తవ్వుకుంటూ పోతుంది, ఏదో రాత్రి ఆ రాయి దాని మీదే కూర్చుంటుంది. పీవీసీ పైపులు చవకైనవీ మంచివీ. చిన్న జాతులకు రెండంగుళాలు, పెద్ద ఫైర్ ఈల్‌కు మూడంగుళాల వ్యాసం. పొడవు చేప ఒళ్లంతా పట్టేటంత ఉండాలి, రెండు వైపులా తెరిచి ఉండాలి. కోసిన అంచులను ఉప్పుకాగితంతో నున్నగా రుద్దండి. ఒక్కో చేపకు కనీసం రెండు చోట్లు లేకపోతే గొడవలు మొదలవుతాయి.

వేళ్లతో ఇసుకలో నిలిచే మొక్కలు నాటి టైం వృథా చేసుకోకండి, మర్నాటికి తేలుతుంటాయి. అనుబియాస్, జావా ఫెర్న్ లాంటివి చెక్కకు దారంతో కట్టండి. పైన తేలే మొక్కలు కొన్ని వేస్తే వెలుతురు తగ్గి చేప పగలు కూడా కాస్త బయటికి వస్తుంది.

ఫిల్టరు, హీటరు, లైటు

మాంసం తినే చేప, చెత్త ఎక్కువ. గంటకు తొట్టి నీటిని 5 రెట్లు తిప్పే కానిస్టర్ ఫిల్టరు (తొట్టి బయట ఉండే డబ్బా ఫిల్టరు) పెట్టండి. ఇసుక కింద పళ్లెం పెట్టే అండర్ గ్రావెల్ ఫిల్టరు ఈ తొట్టికి అసలు కుదరదు. నీటిని పీల్చే గొట్టం కొసను ఇసుకకు జానెడు పైన ఉంచి, ముతక స్పాంజి తొడగండి. లేకపోతే ఇసుక లోపలికి పోయి మోటారు అరుగుతుంది, చిన్న పిల్లలైతే అవే పోతాయి.

నీరు 24 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య, పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే చాలు. హీటరు అవసరమైతే దానికి ప్లాస్టిక్ జాలీ తొడుగు తప్పనిసరి. ఈ చేపలు వెచ్చటి గొట్టాన్ని చుట్టుకొని పడుకుంటాయి, కాలినా వెంటనే కదలవు. లైటు మసకగా, రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు.

మూత

ఒకరోజు పొద్దున్నే లైటు వేశాను. ఇసుకలో మూతి కనిపించలేదు. ఇదేమీ కొత్త కాదు. సాయంత్రం ఎర్ర, అంటే వానపాము, వేసినా రాలేదు. స్టాండు వెనక టార్చి వేసి చూస్తే, గోడకూ స్టాండుకూ మధ్య దుమ్ములో దొర్లి, బూడిద పూసిన తాడు ముక్కలా పడుంది. మొప్పలు సన్నగా కదులుతున్నాయి. తడి గుడ్డతో ఎత్తి తొట్టిలో వేస్తే గంటసేపు పక్కకు వాలి, తర్వాత నెమ్మదిగా ఇసుకలోకి జారుకుంది. అది బతకడం నా అదృష్టం. అది బయటికొచ్చిన దారి చూస్తే నవ్వొచ్చింది. ఫిల్టరు పైపు కోసం మూతలో కోసిన కంత, పైపు పక్కన వేలు పట్టేటంత సందు.

లెక్క తేలిగ్గా గుర్తుంటుంది. తల పట్టే సందులోంచి ఒళ్లంతా పోతుంది. అందుకని మూత చేయించేటప్పుడే పైపులు, వైర్లు ఎక్కడ దిగుతాయో గుర్తుపెట్టి అంతవరకే కోయించండి. మిగిలిన సందుల్లో ముతక స్పాంజి ముక్కలు గట్టిగా కూరండి. గాజు మూత అయితే తేలిక పలక వద్దు. పెద్ద ఫైర్ ఈల్ మూతితో ఎత్తేస్తుంది, కాబట్టి పైన బరువో క్లిప్పులో ఉండాలి. సంప్ (తొట్టి కింద పెట్టే ఫిల్టరు తొట్టి) ఉన్నవాళ్లు నీరు పొర్లే పెట్టె పళ్ల మీద కూడా జాలీ బిగించండి. నీటిమట్టం అంచుకు 5 సెంటీమీటర్లు కిందే ఆపండి. మూత పెట్టాక ఒకసారి పెన్సిలుతో చుట్టూ గుచ్చి చూడండి, పెన్సిలు దూరిన ప్రతి చోటా చేప దూరుతుంది.

నీళ్లు సిద్ధం కావాలి

ఇప్పుడు నింపండి. ఇసుక మీద పళ్లెం పెట్టి దాని మీద పోస్తే గుంట పడదు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయే మందు కలపాలి. క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన శుద్ధి మందు) వాడే చోట నీళ్లను ఒకరోజు నిలవ ఉంచడం వల్ల లాభం లేదు, అది అలా ఎగిరిపోదు. రెండు రోజులు నీళ్లు మసకగా ఉంటాయి, కంగారు వద్దు.

చేపలు లేకుండానే సైక్లింగ్ చేయండి, అంటే చేపల వ్యర్థాల్లోని విషాన్ని మార్చే బ్యాక్టీరియాను ముందే పెంచుకోవడం. సువాసన, సబ్బు కలపని స్వచ్ఛమైన అమ్మోనియాను 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) వచ్చేదాకా చుక్కలుగా వేసి, టెస్ట్ కిట్‌తో రెండు రోజులకోసారి కొలవండి. మొదట ఒకరకం బ్యాక్టీరియా పెరిగి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, తర్వాత ఇంకోరకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ విషాలే, నైట్రేట్ మాత్రం తక్కువ హానికరం. వేసిన 2 పీపీఎం అమ్మోనియా 24 గంటల్లో సున్నా అయి, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే తొట్టి సిద్ధం. మామూలుగా 4 నుంచి 6 వారాలు. ఎవరిదైనా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి నుంచి ఫిల్టరు స్పాంజి ముక్క దొరికితే ఈ కాలం బాగా తగ్గుతుంది. చేపను తెచ్చే ముందు సగానికి పైగా నీళ్లు మార్చి నైట్రేట్ తగ్గించండి.

చేపను తేవడం

షాపులో చేపను తిండి వేసి చూపించమనండి. తినని పిల్లను తేవద్దు. పైనుంచి చూస్తే తల వెనక మెడ దగ్గర నొక్కుకుపోయినట్టు ఉంటే అది చాలాకాలంగా పస్తులుంటోందని అర్థం. పొట్ట లోపలికి పోవడం, కంటి మీద పొర, ఒంటి మీద ఎర్రగా గీరుకుపోయిన గాయాలు, ఇవేవీ ఉండకూడదు. అమ్మకానికి వచ్చేవాటిలో చాలా వరకు నదుల్లో పట్టినవే కాబట్టి కడుపులో పురుగులు ఉండే అవకాశం ఎక్కువ. వీలైతే 3, 4 వారాలు ఇసుక పరిచిన వేరే చిన్న తొట్టిలో ఉంచండి. ఆ తొట్టికీ మూత ఉండాలి!

వలతో పట్టకండి, పట్టనివ్వకండి. ముళ్లు వలలో చిక్కుకుని చేప తిరగబడి గాయపడుతుంది. పైపులోకి పోయినప్పుడు రెండు వైపులా మూసి ఎత్తడమో, ప్లాస్టిక్ డబ్బాలోకి తోలడమో చేయండి. ఇంటికి తెచ్చాక లైట్లు ఆపి, కవరును 20 నిమిషాలు తేలనిచ్చి, అరగంటకు పైగా కొద్దికొద్దిగా తొట్టి నీళ్లు కలిపి వదలండి. క్షణంలో మాయమవుతుంది. కొన్ని రోజులు కనపడకపోవచ్చు.

తిండి

ఎండు గుళికలు తింటుందన్న ఆశ పెట్టుకోకండి. ఒకటీ అరా అలవాటు పడతాయి, ఎక్కువ శాతం పడవు. వీటికి అన్నింటికంటే నచ్చేవి ఎర్రలే. మందులు కొట్టని నేల నుంచి తెచ్చి, ఒకరోజు తడి కాగితంలో ఉంచి, కడిగి వేయండి. చిన్న చేపలకు ముక్కలు చేయాలి. గడ్డకట్టించిన బ్లడ్ వార్మ్స్ (దోమలాంటి కీటకాల ఎర్రటి లార్వాలు), చిన్న రొయ్యలు కూడా తింటాయి. కేవలం రొయ్యలే వేస్తే మాత్రం విటమిన్ బి1 లోపం రావచ్చు, ఎందుకంటే కొన్ని రకాల పచ్చి రొయ్యల్లో, చేపల్లో దాన్ని నాశనం చేసే థయామినేజ్ ఉంటుంది. మార్చి మార్చి పెట్టండి.

లైటు ఆపిన అరగంటకు తిండి వేయండి. మిగతా చేపలు ముందే లాగేసుకుంటుంటే, సన్నటి గాజు గొట్టంతో ఎర్రను నేరుగా దాని మూతి దగ్గర దించండి. ముందు ఇసుకలోంచి ఆ రెండు ముక్కు గొట్టాలు లేస్తాయి. గాలిలో వాసన పట్టే కుక్కలా అటో క్షణం, ఇటో క్షణం. చూపు కన్నా వాసనే దానికి దారి. తర్వాత తల, ఆపైన ఒక్క లాగు. కొన్ని నెలలకు మీ చేతి నీడ పడగానే పైకి వచ్చేస్తుంది, ఫైర్ ఈల్స్ చేతిలోంచి తింటాయి కూడా. పెద్దవాటికి వారానికి మూడు నాలుగు సార్లు చాలు, పిల్లలకు రోజూ వేయాలి. మిగిలిందాన్ని పొద్దున తీసేయండి.

తోడు చేపలు, జబ్బులు, వారం వారం పని

నోట్లో పట్టే చేప ఏదైనా ఆహారమే. చిన్న టెట్రాలు, గప్పీలు, రొయ్యలు ఒక్కొక్కటీ తగ్గిపోతుంటే దొంగ ఎవరో వెతకక్కర్లేదు. పెద్ద బార్బ్‌లు, పెద్ద గౌరామీలు, నెమ్మదైన పెద్ద చేపలు పరవాలేదు. గొడవపడే సిక్లిడ్‌లు, రెక్కలు కొరికేవి వద్దు. ఫైర్ ఈల్ ఒక్కటే ఉండటం మంచిది. పీకాక్‌లను చోటుంటే మూడు నాలుగు కలిపి ఉంచొచ్చు.

వారానికోసారి 25 నుంచి 30 శాతం నీళ్లు మార్చండి. నైట్రేట్ 40 పీపీఎం దాటనివ్వకండి, 20 లోపుంటే ఇంకా మంచిది. ఫిల్టరు స్పాంజిని తొట్టి నీళ్లలోనే పిండాలి, కుళాయి నీళ్లు తగిలితే పెంచుకున్న బ్యాక్టీరియా చస్తుంది.

మందుల విషయంలో జాగ్రత్త. రాగి కలిసినవి, మాలకైట్ గ్రీన్ ఉన్నవి ఈ చేపలకు తొందరగా వికటిస్తాయి. తెల్ల మచ్చల జబ్బు వస్తే ముందు నీటి వేడిని రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 30 దాకా పెంచి, ఎయిర్ పంపు పెట్టండి, వెచ్చటి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మందు వేయక తప్పదంటే డబ్బా మీద చెప్పినదాంట్లో సగంతో మొదలుపెట్టి చేపను కనిపెట్టుకొని ఉండండి. మూతి మీద చిన్న గీరుడు అయితే శుభ్రమైన నీళ్లే చాలాసార్లు మందు.

మూడు రోజులుగా చేప కనిపించకపోతే ఇసుక తవ్వకండి. లైటు ఆపి గంటాగి ఒక ఎర్ర దించి, చీకట్లో కూర్చోండి. అప్పటికీ మూతి బయటికి రాకపోతే టార్చి తీసుకొని స్టాండు వెనక్కి వెళ్లండి.